ఎన్ని వాద్యాలు కావాలి? హాండెల్ జీవితం మన క్వయర్లకు నేర్పేది



క్రిస్మస్ దగ్గరపడుతోందంటే మన ఫెలోషిప్పులన్నింటిలోనూ ఒకే చర్చ మొదలవుతుంది. ఈసారి పాటలకు ఎంతమంది నిలబడతారు? ఒక కీబోర్డు చాలా, రెండు కావాలా? తబలా ఉంచుదామా, డ్రమ్ ప్యాడ్ పెడదామా? పోయినసారి పక్క సంఘం వాళ్ళు అంత పెద్ద బ్యాండు పెట్టారు కదా, మనమేం చేద్దాం? మీరు కువైట్‌లో ఉన్నా, దోహాలో ఉన్నా, డల్లాస్‌లో ఉన్నా ఈ మాటలు మీకు కొత్త కాదు.

ఈ ప్రశ్నతోనే యాభై ఏళ్ళకు పైగా బతికిన ఒక మనిషి జీవితాన్ని ఈ నెల మీ ముందు పెడుతున్నాను. ఆయన పేరు జార్జ్ ఫ్రెడరిక్ హాండెల్. పేరు గుర్తు రాకపోయినా హల్లెలూయ కోరస్ మీకు తప్పకుండా గుర్తుంటుంది. మన తెలుగు సంఘాల్లో పాత మిషన్ చర్చిల క్వయర్లు ఈస్టరుకో క్రిస్మస్‌కో ఎంతో కష్టపడి నేర్చుకుని పాడేది అదే. ఆ కోరస్ రాసిన మనిషి ఏ పాటకు ఏ వాద్యం పెట్టాలో, ఏ వాద్యం ఎంతమంది వాయించాలో, ఎక్కడ ఎవరు మౌనంగా కూర్చోవాలో ఎలా నిర్ణయించేవాడో తెలుసుకుంటే, మన చిన్న క్వయర్లకు పెద్ద ధైర్యం వస్తుంది.

లాయరు కావాలన్న తండ్రి

హాండెల్ 1685 ఫిబ్రవరి 23న జర్మనీలోని హాలె పట్టణంలో పుట్టాడు. తండ్రి శస్త్రవైద్యుడు. తల్లి ఒక లూథరన్ పాస్టరుగారి కుమార్తె. కొడుకు లాయరు కావాలన్నది తండ్రి కోరిక. మన ఇళ్ళలో పిల్లలు ఇంజనీర్లు కావాలని పట్టుబట్టినట్టే అనుకోండి. అయితే ఆ ఊరి పెద్ద చర్చిలో ఆర్గన్ వాయించే జాఖోవ్ అనే గురువు దగ్గర పిల్లవాడికి సంగీతం నేర్చుకునే అవకాశం దొరికింది. హార్ప్సికార్డ్, ఆర్గన్, వయొలిన్, ఒబో అన్నీ అక్కడే నేర్చుకున్నాడు. ఒబో అంటే మన సన్నాయికి దూరపు చుట్టం. రెండు పుల్లలు కలిపి కట్టిన పీకతో ఊదుతారు, స్వరం గాలిలో సూటిగా దూసుకువెళ్తుంది.

పన్నెండేళ్ళు నిండకముందే తండ్రి చనిపోయాడు. తండ్రి మాట నిలబెట్టాలనేమో, 1702లో యూనివర్సిటీలో పేరు రాయించుకున్నాడు. అదే సంవత్సరం ఒక చర్చిలో ఆర్గనిస్టుగా కూడా చేరాడు. మరుసటి ఏడాది హాంబర్గ్ నగరానికి వెళ్ళి అక్కడి ఒపెరా వాద్యబృందంలో రెండో వయొలిన్ల వరుసలో కూర్చున్నాడు. ఈ చిన్న విషయాన్ని గమనించండి. రెండో వయొలిన్లకు సాధారణంగా ముఖ్యమైన రాగం ఉండదు. పైన ఎవరో పాడుతుంటే కింద నింపుతూ పోవాలి. ఆ వరుసలో కూర్చున్నవాడికి ఏ వాద్యం ఎక్కడ వినిపిస్తుందో, ఎక్కడ మునిగిపోతుందో బయటినుంచి చూసేవాడికంటే బాగా తెలుస్తుంది. హాండెల్ తర్వాత రాసిన సంగీతమంతటికీ ఈ అనుభవం పునాది.

1706లో ఇటలీ వెళ్ళాడు. 1708 ఈస్టరుకు రోమ్ నగరంలో ప్రభువు పునరుత్థానం మీద ఒక పెద్ద కృతి సమర్పించాడు. ఆ వాద్యబృందాన్ని నడిపినవాడు కొరెల్లి. ఆ రోజుల్లో యూరప్‌లో వయొలిన్ అంటే ఆయనే. వరుసలో ఎంతమంది ఉన్నా అందరి కమాన్లూ ఒకేసారి పైకి, ఒకేసారి కిందికి కదలాలన్నది కొరెల్లి పట్టుదల. పదిమంది వాయించినా ఒక్కడు వాయించినట్టు ఉంటేనే ఆ పదిమందికి అర్థం ఉందని యువకుడైన హాండెల్ అక్కడ కళ్ళారా చూశాడు.

నది మీద ఒకలా, మందిరంలో ఒకలా

1710లో హాండెల్ మొదటిసారి లండన్ చేరాడు. కొద్ది కాలానికే ఆ నగరమే ఆయన సొంత ఊరైంది. 1717 జూలై 17 సాయంత్రం రాజు మొదటి జార్జ్ థేమ్స్ నది మీద పడవలో విహారానికి బయలుదేరాడు. పక్కన మరో పడవలో సుమారు 50 మంది వాద్యకారులు హాండెల్ సంగీతం వాయించారు. రాజుకు అది ఎంత నచ్చిందంటే, మొత్తం మూడుసార్లు వాయించమన్నాడు.

ఇక్కడ ఆయన ఎంపిక చూడండి. నది మీద గోడలు లేవు, పైకప్పు లేదు. స్వరం తిరిగి రాదు, గాలికి కొట్టుకుపోతుంది. వయొలిన్లు మాత్రమే పెడితే ఒడ్డుకు వినిపించవు. అందుకే ట్రంపెట్లు, హార్న్‌లు, ఒబోలు, బసూన్లు చేర్చాడు. హార్న్ అంటే వేటగాళ్ళు అడవిలో ఊదే కొమ్ముబూర. అది పుట్టిందే ఆరుబయట వినిపించడానికి. బసూన్ ఒబోకు అన్నలాంటిది, కింది స్వరాలను గట్టిగా పట్టుకుంటుంది. ముందు చోటు చూసి, ఆ తర్వాత వాద్యం చూశాడు హాండెల్.

పదేళ్ళ తర్వాత, 1727 అక్టోబరు 11న, రెండవ జార్జ్ పట్టాభిషేకానికి వెస్ట్‌మినిస్టర్ ఆబీలో నాలుగు ఆరాధనా గీతాలు సమకూర్చాడు. వాటిలో యాజకుడైన సాదోకు గురించిన గీతం అప్పటినుంచి ప్రతి బ్రిటిష్ పట్టాభిషేకంలోనూ పాడుతున్నారు. 2023లో మీలో చాలామంది టీవీలో వినే ఉంటారు. మొదట వయొలిన్లు మెల్లగా అలల్లా పైకి కదులుతాయి. గాయకులు నోరు విప్పరు, ట్రంపెట్లు పలకవు. వింటున్నవాడికి ఇక ఆగలేననిపించే క్షణంలో గాయకులంతా ఏడు భాగాలుగా, మూడు ట్రంపెట్లు, నగారాలతో కలిసి ఒక్కసారిగా లేస్తారు. ఉన్న బలాన్ని మొదటి నిమిషంలోనే ఖర్చు చేయకుండా దాచుకోవడం ఇది.

అయితే ఆ రోజు సేవ సాఫీగా సాగలేదు. గాయకులు, వాద్యకారులు మందిరంలో వేర్వేరు చోట్ల ఎక్కి కూర్చోవడంతో ఒకరికొకరు సరిగా కనిపించలేదు. సంగీతం గందరగోళంగా సాగిందని ఆర్చ్‌బిషప్ తన క్రమపత్రం మీద రాసుకున్నాడు. రాజు కోసం తెచ్చిన ఎంపిక చేసిన మనుషులే అయినా, ఒకరి ముఖం ఒకరికి కనబడకపోతే సంఖ్య వల్ల ప్రయోజనం ఉండదని ఆ రోజు తేలింది.

చేయి పడిపోయిన రోజులు

ఇటాలియన్ ఒపెరాలతో హాండెల్ లండన్‌లో ఎంతో పేరు సంపాదించాడు. కానీ 1730ల్లో పోటీ కంపెనీలు వచ్చాయి, ప్రేక్షకులు తగ్గారు, డబ్బు పోయింది. 1737లో పక్షవాతం వచ్చి కుడిచేయి పనిచేయలేదు. కీబోర్డు వాయించి, కలం పట్టి బతికే మనిషికి కుడిచేయి పోవడమంటే ఏమిటో మీరు ఊహించగలరు. జర్మనీలోని ఆఖెన్‌లో వేడినీటి బుగ్గల దగ్గర కొన్ని వారాలు ఉండి, కోలుకుని తిరిగి వచ్చాడు.

తిరిగి వచ్చాక దారి మార్చుకున్నాడు. వేషాలు, తెరలు లేకుండా బైబిలు కథలను పాటగా చెప్పే ఒరటోరియోల వైపు క్రమంగా తిరిగాడు. 1739 జనవరిలో సౌలు రాజు కథ ప్రదర్శించాడు. దానికి ఆయన తెచ్చిన వాద్యాలు చూసి లండన్ ఆశ్చర్యపోయింది. ఇంగ్లండులో అప్పటికి అరుదైన ట్రాంబోన్లు తెప్పించాడు. కీబోర్డు నొక్కితే చిన్న గంటలు మోగే వాద్యం ఒకటి ప్రత్యేకంగా చేయించాడు. లండన్ టవర్‌లో ఉండే సైన్యపు పెద్ద నగారాలను అరువు తెచ్చాడు.

ఇవన్నీ ఆడంబరానికేనా? కథ గుర్తు చేసుకోండి. సౌలు కంటే దావీదును ఎక్కువగా పొగుడుతూ స్త్రీలు నాట్యమాడుతూ ఎదురొచ్చిన చోట ఆ గంటలు మోగుతాయి. ఆ మోతే సౌలు గుండెలో అసూయను రాజేస్తుంది. చివర రాజు, యోనాతాను చనిపోయినప్పుడు శవయాత్రలో ట్రాంబోన్లు, ఫ్లూట్లు, దూరాన నగారా వినిపిస్తాయి. అది దుఃఖపు సంగీతమే అయినా పెద్ద స్థాయిలో సాగుతుంది, ఆర్భాటం ఉండదు. ప్రతి కొత్త వాద్యానికీ కథలో ఒక పని ఉంది. పని లేని వాద్యం ఆయన పెట్టలేదు.

ఇరవై నాలుగు రోజులు

1741 వేసవిలో చార్లెస్ జెన్నెన్స్ అనే స్నేహితుడు బైబిలు వచనాలను ఏర్చి కూర్చిన ఒక పాఠాన్ని హాండెల్‌కు ఇచ్చాడు. యెషయా ప్రవచనం నుంచి ప్రకటన గ్రంథం వరకు మెస్సీయ రాక, శ్రమ, పునరుత్థానం, మహిమ అందులో ఉన్నాయి. హాండెల్ ఆగస్టు 22న మొదలుపెట్టి సెప్టెంబరు 14న ముగించాడు. రెండున్నర గంటల సంగీతం, 24 రోజులు.

దాదాపు అదే సమయంలో ఐర్లండు రాజధాని డబ్లిన్‌కు ఆయనకు పిలుపు వచ్చింది. అక్కడ ఎలాంటి వాద్యకారులు దొరుకుతారో ఆయనకు ముందుగా ఖచ్చితంగా తెలియదు. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్న నాకు ఈ పరిస్థితి బాగా అర్థమవుతుంది. ప్రోగ్రాం ఏ మెషీన్ మీద నడుస్తుందో తెలియనప్పుడు తక్కువ అవసరాలతో రాయాలి. లేకపోతే అక్కడికి వెళ్ళాక అది నడవదు. హాండెల్ కూడా అలాగే చేశాడు. మెస్సీయకు మొదట రాసుకున్న వాద్యాలు చాలా కొద్ది. వయొలిన్ కుటుంబపు తంత్రీవాద్యాలు, కింది స్వరాన్ని పట్టుకునే కీబోర్డు, రెండు ట్రంపెట్లు, ఒక జత నగారాలు, అంతే. ఆయన అప్పటికే వాడిన ట్రాంబోన్లు, గంటలు, హార్న్‌లు, ఫ్లూట్లు ఏవీ లేవు. ఒబోలు, బసూన్లు తర్వాత లండన్ ప్రదర్శనలకు చేర్చినవే.

ఆ కొద్ది వాద్యాలను కూడా ఎంత పొదుపుగా వాడాడో చూడండి. సుమారు 50 భాగాలున్న ఆ కృతిలో ట్రంపెట్లు పలికేది నాలుగు చోట్ల మాత్రమే. మొదటిసారి గొల్లలకు దేవదూతల సమూహం కనబడినప్పుడు. అక్కడ కూడా దూరం నుంచి, కాస్త మెల్లగా వాయించమని రాశాడు. పాట ముగిసేసరికి వాద్యాలు సన్నగిల్లిపోతాయి, దూతలు ఆకాశంలోకి తిరిగి వెళ్ళిపోతున్నట్టు. తర్వాత హల్లెలూయ కోరస్ వరకు ట్రంపెట్లు మౌనంగా కూర్చుంటాయి. ఆ తర్వాత కడబూర మోగే పాటలో, చివరగా వధింపబడిన గొర్రెపిల్లకు మహిమ చెల్లించే కోరస్‌లో. నగారాలకైతే హల్లెలూయ, చివరి కోరస్ రెండే చోట్లు. అంటే నగారా వాయించేవాడు రెండున్నర గంటలసేపు కూర్చుని, రెండుసార్లు మాత్రమే కర్రలు ఎత్తుతాడు. హల్లెలూయ వినగానే ఒళ్ళు పులకరిస్తుందంటే, అంతవరకు ఆ శబ్దాన్ని మన చెవులకు దాచి ఉంచడం కూడా ఒక కారణం.

గొల్లలు పొలంలో ఉన్న చోట తంత్రీవాద్యాలతోనే ఒక చిన్న రాగం ఉంది. ఇటలీలో క్రిస్మస్ సమయంలో కొండల నుంచి దిగివచ్చే గొల్లలు ఊదే బూరల బాణీ అది. కింద ఒకే స్వరం ఆగకుండా నిలిచి ఉంటుంది. మన తంబుర శ్రుతి అలవాటైన చెవికి అది ఇట్టే దగ్గరవుతుంది. విమోచకుడు సజీవుడని యోబు గ్రంథపు నమ్మకం పాడే పాటకు గాయకురాలితో పాటు ఉన్నది వయొలిన్ల ఒక్క వరుస, కింది స్వరం. అంత పెద్ద విశ్వాసానికి అంత కొద్ది తోడు. మాట స్పష్టంగా వినబడాలన్నది అక్కడ ఉద్దేశం.

అప్పుల చెరసాల తలుపులు

1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లోని ఫిషాంబుల్ వీధి సంగీతశాలలో మెస్సీయ మొదటిసారి వినిపించింది. వయొలిన్ల ముందు కూర్చుని నడిపించినవాడు మాథ్యూ డుబూర్గ్. కోరస్ పాడినవారు ఊరిలోని రెండు కేథడ్రల్ క్వయర్ల పురుషులు, బాలురు. ఒక కేథడ్రల్ డీన్ తన గాయకులను పంపడానికి మొదట అడ్డుపడ్డాడు, చివరికి వారు కూడా పాడారు. జనం ఎక్కువగా వస్తారని తెలిసి, గౌన్లను వెడల్పుగా నిలబెట్టే చట్రాలు వేసుకోకుండా రావాలని స్త్రీలను, కత్తులు పెట్టుకోకుండా రావాలని పురుషులను ముందే కోరారు. సుమారు 700 మంది ఆ హాల్లో ఇరుక్కుని విన్నారు.

ఆ రోజు పాడినవారిలో సుసానా సిబ్బర్ అనే నటి ఉంది. ఆమె కుటుంబ జీవితం లండన్ కోర్టుల్లో అందరి నోళ్ళలో నలిగింది. ఆమె పెద్ద గాయని కూడా కాదు. తృణీకరించబడిన మెస్సీయ గురించి యెషయా 53వ అధ్యాయపు మాటలను హాండెల్ ఆమెకే ఇచ్చాడు. ఆ పాటకు తంత్రీవాద్యాలు మాత్రమే తోడు. ఆమె ఒక్కో మాట పలికి ఆగుతుంది, వాద్యాలు మెల్లగా బదులిస్తాయి. ఆమె గొంతును కప్పే వాద్యం ఒక్కటీ లేదు. అవమానం అనుభవించిన ఒక స్త్రీ ఆ మాటలు పాడుతుంటే ఆ హాలు కదిలిపోయిందని చెబుతారు.

ఇక డబ్బు సంగతి. ఆ ఒక్క ప్రదర్శనకు దాదాపు 400 పౌండ్లు వచ్చాయి. అది మూడు చోట్లకు పంచారు. రెండు భాగాలు ఆసుపత్రులకు. మూడో భాగం అప్పులు తీర్చలేక చెరసాలలో ఉన్నవారికి. ఆ సొమ్ముతో 142 మంది అప్పులు తీరి, తలుపులు తెరుచుకుని ఇళ్ళకు వెళ్ళారు.

ప్రియ పాఠకులారా, ఇది చదివినప్పుడు నా మనసులో మెదిలింది మన కువైటే. కడప, అన్నమయ్య జిల్లాల నుంచి, గోదావరి జిల్లాల నుంచి వచ్చి ఇళ్ళలో పనిచేసే అక్కలు, డ్రైవర్లుగా ఉన్న తమ్ముళ్ళు మన మధ్య ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ఏజెంటుకు కట్టిన అప్పు, వడ్డీ, ఆ అప్పు తీరేదాకా ఇంటికి వెళ్ళలేని సంవత్సరాలు. అదీ ఒక చెరసాలే. మెస్సీయ మొదటిసారి పాడిన రోజున అప్పులవాళ్ళు విడుదలయ్యారు. మన క్రిస్మస్ కార్యక్రమపు బడ్జెట్టు వేసేటప్పుడు, అద్దె స్పీకర్లకు ఎంత, లైట్లకు ఎంత అని లెక్కపెట్టే ముందు, మీ కమిటీలో ఈ సంగతి ఒకసారి గుర్తు చేయమని మిమ్మల్ని కోరుతున్నాను.

ఇరవై నాలుగు ఒబోలు, ముప్పై ఎనిమిది మంది

హాండెల్‌కు పెద్ద బృందాలంటే భయం లేదు. 1749 ఏప్రిల్ 27న లండన్ గ్రీన్ పార్కులో యుద్ధం ముగిసిన సందర్భంగా బాణాసంచా ఉత్సవం జరిగింది. వయొలిన్లు వద్దు, సైనిక వాద్యాలే ఉండాలన్నది రాజుగారి ఇష్టం. హాండెల్ వయొలిన్లు కావాలని చాలా పట్టుబట్టాడు. చివరికి ఆయన స్కోరులో రాసిన సంఖ్యలు ఇవి: 9 ట్రంపెట్లు, 9 హార్న్‌లు, 24 ఒబోలు, 12 బసూన్లు, 3 జతల నగారాలు. ఆ 24 ఒబోలను సమానంగా పంచలేదు. మొదటి భాగానికి 12, రెండోదానికి 8, మూడోదానికి 4. రాగం నడిచే పైభాగం పార్కు చివరిదాకా వినబడాలి కనుక అక్కడ ఎక్కువమంది. మధ్య భాగాలు నింపేవి కనుక అక్కడ తక్కువ. ఆ రాత్రి మంటపంలో కొంత భాగం అంటుకుని కాలిపోయింది గానీ, సంగీతం మిగిలింది. సరిగ్గా నెల తర్వాత, మే 27న, అదే సంగీతాన్ని హాండెల్ మందిరంలో వినిపించాడు, ఈసారి తంత్రీవాద్యాలు చేర్చి. చోటు మారింది కాబట్టి వాద్యాలు మారాయి.

ఆ మందిరం లండన్ ఫౌండ్లింగ్ హాస్పిటల్‌ది. తల్లిదండ్రులు పెంచలేక వదిలేసిన పసిపిల్లల కోసం థామస్ కోరమ్ అనే నావికుడు ఏళ్ళ తరబడి తిరిగి కట్టించిన శరణాలయం. హాండెల్ దానికి ఒక ఆర్గన్ ఇచ్చాడు. 1750 మే 1న అక్కడ మెస్సీయ వినిపించాడు. చోటు చాలక చాలామంది వెనక్కి వెళ్ళవలసి రావడంతో మే 15న మళ్ళీ జరిపారు. అప్పటినుంచి ఏటా అక్కడ మెస్సీయ జరిగేది. ఆ ప్రదర్శనల మీద ఆ పిల్లలకు వచ్చిన మొత్తం 7,000 పౌండ్లకు దగ్గరగా చేరింది.

1754లో అక్కడ జరిగిన ప్రదర్శనకు ఎవరికి ఎంత చెల్లించారో లెక్క నేటికీ ఉంది. అందువల్ల ఏ వాద్యానికి ఎంతమందో మనకు తెలుసు. 14 వయొలిన్లు, 6 వయోలాలు, 3 చెల్లోలు, 2 డబుల్ బేస్‌లు, 4 ఒబోలు, 4 బసూన్లు, 2 హార్న్‌లు, 2 ట్రంపెట్లు, నగారాలు ఒకరు. మొత్తం 38 మంది, ఇంకా ఆర్గన్. కోరస్ గాయకులు మాత్రం 20 మంది దరిదాపు. విడిగా పాడే ఐదుగురు కూడా కోరస్‌లో గొంతు కలిపేవారు.

ఈ లెక్కను కాస్త నిదానంగా చూడండి. 4 ఒబోలు ఎందుకు? కోరస్‌లో పైగొంతు పాడే బాలురు కొద్దిమంది, వాళ్ళ వరుసకు ఒబోలు తోడు పలికి స్పష్టత ఇస్తాయి. 4 బసూన్లు ఎందుకు? చెల్లోలు, డబుల్ బేస్‌లు కలిపి ఐదే, వాటి పక్కన బసూన్లు చేరితే కింది స్వరం తొమ్మిదిమందితో గట్టి నేలలా నిలుస్తుంది. పైన ఏమి కట్టినా కూలదు. మరొక సంగతి. 1749లో హాండెల్ తన స్కోరులో కొన్ని చోట్ల అందరూ వాయించాలని, కొన్ని చోట్ల కొద్దిమందే వాయించాలని గుర్తులు పెట్టాడు. ఒంటరి గొంతు పాడేటప్పుడు వెనక వరుసలవాళ్ళు కమాన్లు దించి వింటారు. 14 మంది వయొలిన్ల వాళ్ళకు డబ్బిచ్చాం కదా అని అందరినీ ప్రతి పాటలో వాయించనివ్వలేదు.

చీకటి, ఆ తర్వాత

1751 ఫిబ్రవరిలో యెఫ్తా కథ రాస్తూ మధ్యలో ఆగిపోయాడు. ఎడమ కన్ను కనబడక రాయలేకపోతున్నానని ఆ పేజీ మీదే రాసుకున్నాడు. 1753 నాటికి రెండు కళ్ళూ పోయాయి. అయినా తన ప్రదర్శనలకు వచ్చేవాడు, ఆర్గన్ దగ్గర కూర్చుని మనసులో ఉన్నది వాయించేవాడు. నడిపించే పని స్మిత్ అనే శిష్యుడు చూసుకునేవాడు.

1759 ఏప్రిల్ 6న కోవెంట్ గార్డెన్‌లో మెస్సీయ ప్రదర్శనలో ఉన్నాడు. అదే చివరిసారి. ఎనిమిది రోజులకు, ఏప్రిల్ 14న, ఈస్టరు ముందటి శనివారం, 74వ ఏట కన్నుమూశాడు. పెళ్ళి చేసుకోలేదు, పిల్లలు లేరు. మెస్సీయ స్కోరు ప్రతిని, వాద్యకారుల పుస్తకాలన్నింటినీ ఆ శరణాలయపు పిల్లలకు రాసిచ్చాడు. ముసలితనంలో, పేదరికంలో పడిన వాద్యకారులను ఆదుకునే సంఘానికి 1,000 పౌండ్లు రాశాడు. రెండో వయొలిన్ వరుసలో కూర్చున్నవాడు ఆ వరుసను మరచిపోలేదు. వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఆయన సమాధి మీది విగ్రహం చేతి దగ్గర విమోచకుని గురించిన ఆ పాట స్వరాలే చెక్కి ఉన్నాయి.

ఆయన పోయాక జనానికి సంఖ్యల మోజు పెరిగింది. 1784లో వెస్ట్‌మినిస్టర్ ఆబీలో ఆయన జ్ఞాపకార్థం 500 మందికి పైగా కూడి పాడి వాయించారు. ఒబోలే 26, బసూన్లు 26. 1789లో మోత్సార్ట్ వియన్నాలో ఫ్లూట్లు, క్లారినెట్లు చేర్చి మెస్సీయను తిరిగి సమకూర్చాడు. 19వ శతాబ్దంలో లండన్ క్రిస్టల్ పాలస్‌లో వేలమంది కలిసి పాడారు. అవి గొప్ప ఉత్సవాలే. కానీ గత శతాబ్దం రెండో సగం నుంచి వాద్యబృందాలు ఆ 1754 లెక్క వైపు తిరిగి వచ్చాయి. సంఖ్య తగ్గాక మాటలు మళ్ళీ వినబడ్డాయి.

మరి మన క్వయర్?

మేము బ్నీద్ అల్ గార్‌లో ఒక ఫ్లాట్ హాల్లో ప్రాక్టీసు చేస్తాం. పన్నెండుమంది పాడతారు. వాద్యాలు ఒక కీబోర్డు, ఒక తబలా, ఒక గిటారు. బేస్ పాడే అన్నయ్యలు ముగ్గురిలో ఇద్దరికి షిఫ్టు డ్యూటీలు, శుక్రవారం వస్తారో రారో గురువారం రాత్రికి గానీ తెలియదు. మీ దగ్గర కూడా ఇంచుమించు ఇలాగే ఉంటుందని నాకు తెలుసు. కాబట్టి హాండెల్ దగ్గర నేర్చుకున్నవి నాలుగు మాటలు మీతో పంచుకుంటాను.

మొదటిది, ఆ రోజు తప్పకుండా వచ్చేవారిని లెక్కపెట్టి పాట ఎంచుకోండి. వస్తే బాగుండు అనుకునేవారి మీద పాట కట్టకండి. వాళ్ళు వస్తే చేరతారు, డబ్లిన్ తర్వాత లండన్‌లో ఒబోలు చేరినట్టు.

రెండోది, బలహీనంగా ఉన్న వరుసకు తోడు ఇవ్వండి. బేస్ ఒక్కడే ఉంటే కీబోర్డు ఎడమచేయి అతని స్వరమే వాయించాలి. పిల్లలు పైగొంతు పాడుతుంటే కీబోర్డు కుడిచేయి వాళ్ళతో నడవాలి. వాద్యం పని గాయకునితో పోటీపడటం కాదు.

మూడోది, తబలా అయినా, ప్యాడ్ అయినా, ప్రతి పాటలో, ప్రతి చరణంలో ఉండాలన్న నియమం లేదు. ఆ రోజు మీరు ముఖ్యంగా ఏమి ప్రకటించాలనుకుంటున్నారో ఆ ఒక్క చోటికి దాన్ని దాచండి. మిగతా సమయం వాయించేవాడు వింటూ కూర్చోవడం కూడా ఆరాధనే.

నాలుగోది, అన్నింటికంటే ముఖ్యమైనది. వారమంతా ఇంకొకరి ఇంట్లో పనిచేసి, రెండు గంటల సెలవు దొరికించుకుని వచ్చి చివరి వరుసలో కూర్చున్న అక్కకు పాట మాటలు వినబడాలి. ఆమె చాలా రోజులుగా ఎదురుచూసింది ఆ మాటల కోసమే. స్పీకర్ ఎంత పెద్దదైనా ఆమెకు మాట అర్థం కాకపోతే మనం ఎవరి కోసం పాడినట్టు? ప్రాక్టీసులో ఒకరిని వెనక నిలబెట్టి, మాట అందుతోందా అని అడగండి. అందకపోతే ముందు వాద్యం తగ్గించండి.

ఈ క్రిస్మస్‌కు మీ సంఘంలో పాడేది పదిమందైనా, ఇద్దరైనా, ఉన్నవారితోనే దేవుడు మహిమ పొందును గాక. ఆ పాట విన్నవారిలో కనీసం ఒకరి అప్పు తీరును గాక. ఆమెన్.